మెడ వంచితేనే కాడి తేలిక



"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు" అనే సామెత మన పల్లెల్లో వినని వారుండరు. ఎదుటివాని మొండితనం చూసినప్పుడు ఈ సామెత వెంటనే మన నోటికి వస్తుంది. మన చేతిలో ఉన్న కుందేలుకు ఎన్ని కాళ్ళున్నాయో మాత్రం మనం లెక్కపెట్టము. భర్త ఒక మాట అన్నాడు, భార్య ఒక మాట అన్నది. ఎవరు ముందు పలకాలి? నెలలు గడిచిపోతాయి. కొడుకు తనకు నచ్చిన చదువు చదువుతానన్నాడు, తండ్రి కుదరదన్నాడు. ఒకే కప్పు కింద ఇద్దరూ పరాయివారిలా బతుకుతారు. తాగుడు మానమని ఇంటిల్లిపాదీ కాళ్ళు పట్టుకున్నా "నా డబ్బు, నా ఇష్టం" అంటాడు ఇంటి యజమాని. ఆదివారం అందరూ గుడికి వస్తారు, పాటలు పాడతారు, ప్రసంగం వింటారు. "ఈ మాట ఫలానా వారికి బాగా తగిలింది" అనుకుంటూ ఇంటికి వెళ్తారు.

ఇశ్రాయేలీయులను దేవుడు ఐగుప్తు నుండి విడిపించి అరణ్యంలో నడిపిస్తున్నప్పుడు వారిని గురించి ఒక మాట పదే పదే అన్నాడు. నిర్గమకాండము 32వ అధ్యాయంలో బంగారు దూడ సంగతి చదివితే అది కనబడుతుంది. హెబ్రీ భాషలో ఆ మాటకు 'మెడ గట్టిబడినవారు' అని అర్థం. ఎద్దులను కట్టి దున్నిన రైతుకు ఈ మాట ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. కాడి ఎత్తగానే మెడ బిగదీసే ఎద్దు ఉంటుంది. దానికి బలం లేక కాదు, ఉన్న బలమంతా కాడిని తప్పించుకోవడానికే ఖర్చు చేస్తుంది. సాయంత్రానికి అదీ అలసిపోతుంది, రైతూ అలసిపోతాడు, చేను మాత్రం దున్నబడదు. మొండివాని బతుకు కూడా అంతే.

సుల్తాన్ బజార్‌లో ఒక వైద్యుడు

హైదరాబాదుకు వచ్చినప్పుడు కోఠిలో దిగి సుల్తాన్ బజార్‌లో బట్టలు కొనుక్కున్నవారు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. కాన్పు కోసం అక్కడి సర్కారు దవాఖానకు వెళ్ళిన తల్లులూ ఉన్నారు. ఆ ప్రాంతాన్ని ఒకప్పుడు రెసిడెన్సీ బజార్ అనేవారు. బ్రిటిషు రెసిడెంటు నివసించిన పెద్ద భవనం, ఇప్పటి కోఠి మహిళా విశ్వవిద్యాలయంలో ఉన్నది, ఆ పక్కనే కనుక ఆ పేరు వచ్చింది. 1933లో ఆ బజార్లు నిజాం ప్రభుత్వానికి తిరిగి వచ్చినప్పుడు పేరు సుల్తాన్ బజార్‌గా మారింది. ఏలేవారు మారారు, పేరు మారింది, 2020లో రైలు కూడా ఆ వీధి మీదుగా నడవడం మొదలైంది. ఊళ్ళు ఇంతగా మారుతుంటాయి. మనిషి మనసు మారడమే కష్టం.

ఆ రెసిడెన్సీలో 1880ల చివరి సంవత్సరాల్లో ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడు పనిచేసేవాడు. ఆయన రెసిడెన్సీ సర్జను, హైదరాబాద్ వైద్య పాఠశాలకు అధిపతి కూడా. సమర్థుడు, శ్రమజీవి. స్త్రీలు వైద్యం నేర్చుకోవాలని ప్రోత్సహించినవాడు. ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ అనే పార్సీ యువతి శస్త్రచికిత్సలకు మత్తు ఇచ్చే వైద్యురాలై ప్రపంచంలోనే ఆ పని చేసిన తొలి మహిళల్లో ఒకరుగా పేరు పొందింది. ఇదంతా లారీ గారికి చెందవలసిన ఘనతే.

ఆ రోజుల్లో శస్త్రచికిత్సకు ముందు రోగికి క్లోరోఫారం వాసన చూపించి మత్తు కలిగించేవారు. కొందరు రోగులు మత్తులోనే హఠాత్తుగా చనిపోయేవారు. ఎందుకు చనిపోతున్నారన్నదే ప్రశ్న. క్లోరోఫారం గుండెను ఆపుతుందని కొందరు వైద్యులు అనేవారు. లారీ గారు ఒప్పుకోలేదు. రోగి శ్వాసను జాగ్రత్తగా కనిపెడితే చాలు, గుండెకు ఏ ప్రమాదమూ లేదని ఆయన పట్టు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం సహాయంతో 1888లో ఒక పరిశోధక సంఘం ఏర్పడింది. ఆ ఫలితాలను ఇంగ్లండులోని వైద్య పత్రిక అంగీకరించకపోవడంతో నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చి 1889లో లండను నుండి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుని రప్పించింది. నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. శ్వాసే ముందు ఆగుతుంది, తరువాతనే గుండె ఆగుతుందని ఈ రెండవ సంఘం కూడా చెప్పింది. లారీ గారి మాట నెగ్గింది.

శ్వాసను కనిపెట్టాలన్న ఆయన మాట మంచిదే, దానివల్ల ఎందరికో మేలు జరిగింది. కాని గుండెకు ప్రమాదం లేదన్న మాట నిజం కాదు. ఇతర చోట్ల మరణాలు ఆగలేదు. వేరే వైద్యులు వేరే సాక్ష్యాలు చూపించారు. ఆయన మాత్రం సంవత్సరాల తరబడి తన మాట మీదనే నిలబడి వాదించాడు. చివరకు 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు, కొద్దిపాటి క్లోరోఫారం కూడా గుండెను అదురు పుట్టించి హఠాత్తుగా ఆపగలదని ప్రయోగాలతో రుజువు చేశాడు.

లారీ గారు చెడ్డవాడా? కాదు. సోమరియా? కాదు. ఆయన చూసినది నిజమే. కాని తాను చూసినదే సమస్తమనుకున్నాడు.

బేగంపేటలో మరొక వైద్యుడు

అదే నగరంలో, హుస్సేన్ సాగర్‌కు అవతల, కొద్ది సంవత్సరాల్లోనే మరొక సంగతి జరిగింది. రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు 1857లో అల్మోరాలో పుట్టి, 1881లో మన దేశంలో వైద్య ఉద్యోగంలో చేరాడు. చలిజ్వరం, అంటే మలేరియా, రక్తంలో ఉండే ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుందని లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1880లోనే చెప్పాడు. రాస్ దానిని నమ్మలేదు. జ్వరం పేగుల్లో పుడుతుందని ఆయన అభిప్రాయం. అలా వ్యాసాలు కూడా రాశాడు. అచ్చులో పడిన మాటను వెనుకకు తీసుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

1894లో సెలవు మీద లండను వెళ్ళినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఆయనను కూర్చోబెట్టి, సూక్ష్మదర్శిని కింద రోగి రక్తంలో ఆ క్రిములను చూపించాడు. రాస్ చూశాడు. చూసి ఒప్పుకున్నాడు. అంతవరకు తాను రాసినదాన్ని పక్కన పెట్టి శిష్యునిలా కొత్తగా మొదలుపెట్టాడు.

అక్కడితో అయిపోలేదు. క్రిములున్న దోమలు నీటిలో పడి చస్తాయి, ఆ నీరు తాగినవారికి జ్వరం వస్తుందని మాన్సన్ ఊహ. రాస్ 1895లో సికింద్రాబాద్ వచ్చి దానిని పరీక్షించాడు, ఆ ఊహ నిలవలేదు. దానినీ విడిచిపెట్టాడు. రెండేళ్ళకు పైగా ఎన్నెన్నో దోమలను కోసి చూశాడు. అవి తప్పు జాతి దోమలని తెలిసినప్పుడు మరో జాతిని వెదికాడు. హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించుకోవడానికి ఒప్పించి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆగస్టు ఉక్కపోతకు ఆయన నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. విసనకర్ర వేస్తే దోమలు ఎగిరిపోతాయని గాలి కూడా వేయించుకోలేదు. 1897 ఆగస్టు 20న మచ్చల రెక్కల దోమ పొట్టలో ఆయన వెదుకుతున్నది కనబడింది. తనకు ఈ మర్మం చూపినది దేవుడేనని పద్యం రాసుకున్నాడు. దోమకాటుతోనే ఈ వ్యాధి ఒకరి నుండి ఒకరికి పోతుందని 1898లో కలకత్తాలో పక్షుల మీద పరిశోధన చేసి రుజువు చేశాడు. 1902లో నోబెల్ బహుమానం వచ్చింది. నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రికి, మన పెద్దలు కోరంటి దవాఖాన అనే దానికి, ఈయన పేరే పెట్టారు.

ఇద్దరూ ఒకే నగరంలో పనిచేసిన తెలివైన వైద్యులే. ఒకరు తన మాటను కాపాడుకున్నారు, ఒకరు తన మాటను విడిచిపెట్టి సత్యాన్ని పట్టుకున్నారు.

పట్టుదల వేరు, మొండితనం వేరు

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. "రాస్ కూడా మొండివాడే గదా? మొండితనం లేకపోతే రెండేళ్ళు దోమలను కోస్తూ కూర్చునేవాడా?" అని. ఇది మంచి ప్రశ్న. పట్టుదలా మొండితనమూ చూపుకు అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. అందుకే మనం మోసపోతాము. పట్టుదల గలవాడు గమ్యాన్ని విడువడు, దారి తప్పని తెలిస్తే మార్చుకుంటాడు. మొండివాడు దారిని విడువడు, గమ్యం చేరకపోయినా సరే. పట్టుదల గలవాడు "సత్యం గెలవాలి" అంటాడు. మొండివాడు "నేను గెలవాలి" అంటాడు.

దానియేలు తన ప్రార్థన మానలేదు, అది పట్టుదల. ఫరో జనులను పోనివ్వలేదు, అది మొండితనం. దానియేలును సింహాల గుహలో దేవుడు కాపాడాడు. ఫరో పది తెగుళ్ళు చూశాడు, తన ఇంటి పెద్దకొడుకును పాతిపెట్టాడు. మొండివాని మొండితనానికి వెల చెల్లించేది ఎక్కువగా అతని ఇంటివారేనని ఆ సంగతి మనకు నేర్పుతుంది.

నిజం మన వైపే ఉన్నప్పుడు

మేము పరిచర్య చేసిన ఒక గ్రామంలో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. ఇద్దరూ మన సంఘస్థులే. రెండు జానెడుల గెట్టు కోసం తగాదా వచ్చింది. సర్వేయరు వచ్చి గొలుసు వేసి కొలిచాడు. అన్నదే నిజమని తేలింది. తమ్ముడు ఒప్పుకోలేదు. పదకొండు సంవత్సరాలు మాటలు లేవు. తల్లి పగలు పెద్దకొడుకు ఇంట్లో, రాత్రి చిన్నకొడుకు ఇంట్లో భోంచేసేది. ఎవరి ఇంట్లో ఉన్నప్పుడు రెండోవారి పేరెత్తకూడదు. గుడిలో ఒకరు కుడివైపు, ఒకరు ఎడమవైపు.

ప్రభువు బల్ల ఆరాధనకు ముందు వారం పెద్దాయనను కలిశాము. "అయ్యగారూ, కొలతలో నాదే నిజమని తేలింది గదా. తప్పు వానిది. నేనెందుకు పోవాలి?" అన్నాడు. అతని మాటలో అబద్ధం ఏమీ లేదు. "నిజం మీదేనయ్యా, కాదనము. ఈ పదకొండేళ్ళలో ఆ నిజం మీ ఇంట్లో ఏం పండించింది?" అని అడిగి ప్రార్థన చేసి వచ్చేశాము. ఆ ఆదివారం అతడు బల్ల దగ్గరకు రాలేదు. తల వంచుకుని వెనుక కూర్చున్నాడు.

తరువాత నాట్ల కాలంలో తమ్ముడి మోటారు కాలిపోయింది. నారు ఎండిపోతున్నది. ఒక తెల్లవారుజామున అన్న ఎవరికీ చెప్పకుండా తన బోరు నీళ్ళను ఆ గెట్టు గండి కొట్టి తమ్ముడి మడికి వదిలాడు. తమ్ముడు చూశాడు, వారం రోజులు ఏమీ పలకలేదు. ముందు పిల్లలు కలిశారు. తరువాత ఆడవారు కలిశారు. అన్నదమ్ములు కలిసినది అందరికంటే చివర. ఆ తల్లి ఇద్దరి కొడుకుల మధ్య కూర్చుని అన్నం తిన్న తరువాత రెండేళ్ళు బతికింది. గెట్టు ఎక్కడ ఉన్నదో అక్కడే ఉన్నది. ఇప్పుడు దాని మీద ఇద్దరూ నడుస్తారు.

తప్పు చేసినవాని మొండితనాన్ని విరగగొట్టడానికి ఒక రుజువు చాలు. న్యాయం తన పక్షాన ఉన్నవాని మొండితనాన్ని విరగగొట్టడానికి సిలువ కావాలి. ఏ తప్పూ లేని మన ప్రభువు న్యాయం తన పక్షాన ఉండగానే మన దగ్గరకు తానే ముందు వచ్చాడు. ఆయన అలా రాకపోతే మనకు రక్షణ ఎక్కడిది?

వాక్యం చూపే మనుషులు

సిరియా సేనాధిపతి నయమాను కథ (2 రాజులు 5) మనకు తెలుసు. వ్యాధి తగ్గాలని అంత దూరం వచ్చాడు. కాని ప్రవక్త బయటికి రాలేదని, తన దేశపు నదులకంటె యొర్దాను గొప్పదా అని కోపంతో వెనుదిరిగాడు. కుష్ఠు ఉన్నది ఒంటి మీద, అంతకంటె పెద్ద జబ్బు మనసులో. అతనికి మంచి చెప్పినది ఎవరు? మొదట ఇంట్లోని చెరపట్టబడిన చిన్నపిల్ల, తరువాత వెంట వచ్చిన పనివారు. దేవుడు చాలాసార్లు మనకంటె చిన్నవారి నోటనే మాట్లాడతాడు. "నాన్నా, ఇవాళ తాగకుండా రా" అని పిల్ల అన్న మాట దైవవాక్కు కావచ్చు.

పేతురు సంగతి మరొకటి (అపొ. కార్యములు 10). యొప్పేలో మిద్దె మీద ప్రార్థిస్తుండగా దర్శనం కలిగింది. ప్రభువు చెప్పినదానికి పేతురు ఒప్పుకోలేదు. మూడుసార్లు చూపవలసి వచ్చింది. చివరకు అన్యుడైన కొర్నేలి ఇంటి గడప తొక్కాడు. ఆ గడప దాటకపోతే సువార్త మన వంటి అన్యజనుల దాకా వచ్చేదా? అంత జరిగినా, అంతియొకయలో పేతురు మళ్ళీ వెనుకకు జారాడని, పౌలు ముఖాముఖిగా గద్దించాడని గలతీ పత్రిక 2వ అధ్యాయం చెబుతుంది. మార్పు ఒక్క రోజు పని కాదు. జారినవాడు మళ్ళీ లేవవచ్చు.

యేసు ప్రభువు చెప్పిన ఇద్దరు కుమారుల ఉపమానం (మత్తయి 21) మొండివారికి గొప్ప ఆదరణ. ఒకడు పోనని చెప్పి, తరువాత మనసు మార్చుకుని ద్రాక్షతోటకు వెళ్ళాడు. మరొకడు మర్యాదగా ఒప్పుకుని వెళ్ళలేదు. తండ్రి ఇష్టం నెరవేర్చినవాడు మొదటివాడే. 'మారుమనస్సు' అని మనం చదివే మాటకు గ్రీకులో మూలం మెటానోయా. కన్నీళ్ళు కార్చడం దానిలో ఉండవచ్చు. అయితే ఆలోచించే తీరే మారి నడిచే దారి మారడం దాని సారం.

సంఘాలు కూడా మెడ వంచాయి

మొండితనం మనుషులకే కాదు, సంఘాలకూ ఉంటుంది. మన దక్షిణ దేశంలో ఆంగ్లికనులు, వెస్లియను మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రెగేషనల్ వారు వేరు వేరుగా ఉండేవారు. ఒకరి బల్ల దగ్గరకు మరొకరు వెళ్ళడానికి అడ్డంకులుండేవి. ఆ విభేదాలు పుట్టినది ఐరోపాలో. మన పల్లెల్లోని మాల మాదిగ విశ్వాసులకు వాటితో ఏ సంబంధమూ లేదు. 1919లో ట్రాంక్విబారులో కొందరు భారతీయ సేవకులు కూడి ఐక్యత కోసం పిలుపునిచ్చారు. వారిలో డోర్నకల్ బిషప్ వి. ఎస్. అజరయ్య గారు ముఖ్యులు. బిషప్పులు ఉండాలా, ఎవరి అభిషేకం చెల్లుతుంది అన్న ప్రశ్నల మీద చర్చలు 28 సంవత్సరాలు సాగాయి. ప్రతి పక్షమూ తనకు ప్రియమైనదేదో ఒకటి తగ్గించుకోవలసి వచ్చింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి దేవాలయంలో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అజరయ్య గారు ఆ దినం చూడలేదు. 1945 జనవరి 1న ప్రభువు నందు నిద్రించారు. తాను కోయని పంటకు విత్తిన ఆయన పట్టుదలకు మనం వారసులము. అలాంటి వారసత్వం గల మనం, గుడిలో కుర్చీ కోసం, కమిటీ పదవి కోసం రెండు వర్గాలుగా చీలితే ఏమనాలి?

ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

"మొక్కై వంగనిది మానై వంగునా" అని లోకం అంటుంది. నలభై, యాభై ఏళ్ళు వచ్చినవారు ఈ సామెత చెప్పుకుని తప్పించుకుంటారు. మానును మనం వంచలేము, నిజమే. కాని రాతి గుండెను తీసి మాంసపు గుండెను ఇస్తానని యెహెజ్కేలు ద్వారా వాగ్దానం చేసిన దేవునికి మాను ఒక లెక్క కాదు. ఆయన పని ఆయన చేస్తాడు, మన వంతు కూడా కొంత ఉన్నది.

మొదటిది, ఏ విషయంలో మన మెడ గట్టిబడిందో పేరు పెట్టి ప్రార్థించాలి. "ప్రభువా, నా తప్పులు క్షమించు" అని గంపగుత్తగా అనడం సులభం. "నా కోడలితో నేను మాట్లాడటం లేదు" అని ఆయన ముందు చెప్పడం కష్టం. కష్టమైన ఆ ప్రార్థనే చేయాలి.

రెండవది, ఇంట్లో మన మాటకు ఎదురు చెప్పే స్వేచ్ఛ ఒక్కరికైనా ఇవ్వాలి. భార్యకో, ఎదిగిన బిడ్డకో. వారు చెప్పినప్పుడు ఆ రోజు జవాబు ఇవ్వకూడదు. ఒక రాత్రి నిద్రపోయి, ఉదయం వాక్యం చదివి, అప్పుడు మాట్లాడాలి.

మూడవది, మాట రాకపోతే పని చేయాలి. క్షమాపణ అడగడానికి నోరు తిరగనివారు నీళ్ళు వదలవచ్చు, రోగికి గంజి పంపవచ్చు, పెండ్లికి పిలవవచ్చు. చెయ్యి వంగితే మెడ కూడా మెల్లగా వంగుతుంది.

నాలుగవది, ఎదుటివాడు వెంటనే మారలేదని మళ్ళీ బిగుసుకోకూడదు. తమ్ముడు వారం రోజులు పలకలేదు. అన్న నీళ్ళు ఆపలేదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. లొంగడం అంటే దెబ్బలు తింటూ ఊరుకోవడం కాదు. తాగి కొట్టే భర్తకు లోబడమని, అన్యాయానికి తలవంచమని మేము చెప్పడం లేదు. అటువంటి ఇంట్లో మారవలసిన మెడ కొట్టేవానిది. అక్కడ సంఘ పెద్దలు, బంధువులు ఆ తల్లి పక్షాన నిలబడాలి.

ప్రియులారా, దమస్కు దారిలో సౌలుతో ప్రభువు మాట్లాడినప్పుడు ఎద్దును అదిలించే ములుకోల పోలిక వాడాడు (అపొ. కార్యములు 26). ములుకోలను తన్నే ఎద్దుకే నొప్పి, ములుకోలకు నొప్పి లేదు. ఎన్నాళ్ళు తన్నుదాము? మెడ వంచిన సౌలు పౌలు అయ్యాడు. ప్రభువు తన కాడి సుళువైనదని మత్తయి సువార్త 11వ అధ్యాయంలో చెప్పాడు. ఆ కాడికి రెండవ వైపున ఆయనే ఉన్నాడు, బరువంతా మోసేది ఆయనే. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు ఎవరితో మాట్లాడవలసి ఉన్నదో వారితో మాట్లాడి, ఆ తరువాత మోకరించండి. ప్రభువు మన మనస్సులను మెత్తపరచి, మన ఇండ్లను కట్టును గాక! ఆమేన్.